దాచిపెట్టిన బంతి

మా దీవిలోని కాలేజీ బేస్‌బాల్ జట్టులో నేను పిచ్చర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ణి. వల విసిరే ఇంట్లో పుట్టాను కాబట్టి ఆ చెయ్యి వచ్చిందని అందరూ అనేవారు. ఉత్త మాట. పడవెక్కితే నాకు వాంతులు. నాన్న దగ్గర నేర్చుకున్నది ఒక్కటే, చేపలు పడిన చోటు ఎవరికీ చెప్పకపోవడం. డింగీ పడవ నిండా చేపలున్నా, జెట్టీ మీద ఎవరైనా అడిగితే ఏమీ పడలేదనాలి. మావాళ్లందరిదీ అదే పద్ధతి.

మూడో ఏడు చదువుతుండగా సముద్రం అవతలి మెయిన్‌ల్యాండ్ నుంచి ఒక సెలెక్టర్ వచ్చి డైరీ ఫార్మ్ అనే పేటలో లాడ్జిలో దిగాడు. జీతమిచ్చి ఆడించే జట్టుకు ఒక్క పిచ్చర్ కావాలట. ఆ ఉద్యోగం రాకపోతే నాకు పడవే గతి. అయినా ఆయన మీద నాకు నమ్మకం కుదరలేదు. ప్రాక్టీసులో ప్రతి బంతినీ ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నాడు. ఎవరికి చూపిద్దామని?

ఇంట్లో చెబితే నాన్న ముఖం చిట్లించాడు.

“ఎవుడ్రా ఆడు? పూరా సూపించీకు. ఉన్నదంతా సూపించీసినాక నీతో ఆడికేటి పని?”

నా దగ్గర ఒక బంతి ఉండేది. తిన్నగా వెళ్లి, బ్యాటు దగ్గర చటుక్కున కిందికి జారిపోయేది. రెండేళ్లు కష్టపడి సాధించాను. దాని సంగతి నా బంతులు పట్టే మా క్యాచర్‌కి ఒక్కడికే తెలుసు. వాడు తెలుగు చర్చి వాళ్లబ్బాయి, అబద్ధమాడితే అన్నం అరగని రకం.

సెలక్షన్ రోజు వేగంగా, తిన్నగా మాత్రమే వేశాను. క్యాచర్ ఆ బంతి వెయ్యమని వేళ్లతో సైగ చేస్తే తల అడ్డంగా ఊపాను.

“ఔర్ కుఛ్ హై?” అన్నాడు సెలెక్టర్. ఇంకేమైనా ఉందా అని మూడుసార్లు అడిగాడు.

“బస్, ఇత్నా హీ, సర్,” ఇంతేనని మూడుసార్లూ అన్నాను.

మర్నాడు ఎంపికైనట్టు ఫెరార్‌గంజ్ ఊరి కుర్రాడి పేరు నోటీసు బోర్డులో పెట్టారు. ఆటో పట్టుకుని లాడ్జికి పరుగెత్తాను. ఆయన బ్యాగు కారులో పెట్టుకుంటున్నాడు.

“సర్, నా దగ్గర ఇంకో బంతి ఉంది.”

“తెలుసు,” అన్నాడు హిందీలోనే, కోపం లేకుండా. “నీ క్యాచర్ ముందే చెప్పాడు. అందుకే అన్నిసార్లు అడిగాను.”

కారు ఎయిర్‌పోర్టుకు వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. కానీ దానికంటే ముందు క్యాచర్ మీద కోపమొచ్చింది. నా బంతి సంగతి వాడెందుకు చెప్పాలి? నెల రోజులు వాడితో మాట్లాడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే ముందు వాడినే తప్పుపడతాను.