గెడ్డవలస వారు వేసిన రోడ్డు

రాజాంలో ఉన్న మా చెల్లెలికి మా కొట్టు కారం తప్ప మరొకరి కారం నచ్చదు. మామిడికాయలు దిగే రోజులు రాగానే, నువ్వు కారం పట్టుకుని రాకపోతే ఈ ఏడు ఆవకాయ పెట్టనని కబురు పెడుతుంది. యుద్ధం నడిచినన్నాళ్ళూ బస్సులు సరిగా లేవని చెప్పి తప్పించుకున్నాను. యుద్ధం ముగిసిన మరుసటి వేసవికి ఆ సాకు కూడా పోయింది. మూడు డబ్బాల కారం కట్టించి, మా వారిని వెంటబెట్టుకుని, విజయనగరంలో పొద్దుటి పాసింజరు ఎక్కాను. మా వారు తోడు అనడం పేరుకే. ఆయన ఏ బండి ఎక్కినా నిద్రపోతారు. దిగవలసిన చోట తట్టి లేపడం నా పని.

నెల్లిమర్ల దగ్గర చంపావతి ఇసకలో చలమలు తీసి ఆడవాళ్ళు నీళ్ళు తోడుతున్నారు. ఎండ ఇంకా ముదరలేదు. ఎనిమిది కాకుండానే చీపురుపల్లిలో దిగాం. ఈ దారిన వెళ్ళేవారు స్టేషను బయట నుయ్యి దగ్గరే చెంబు నింపుకోవాలి, తరువాత మంచినీళ్ళు దొరికేది గెడ్డవలసలోనే. మేము బయట తినేవాళ్ళం కాము గనక నేను పులిహోర కట్టుకెళ్ళాను. చెట్టు నీడన తిని, చేతులు కడుక్కుని బస్సు దగ్గరికి వెళ్ళాం.

అది బొగ్గు బస్సు. పెట్రోలు రేషను ఇంకా తీరలేదు. బస్సు వెనక నిలువెత్తు ఇనప పొయ్యి కట్టి, అందులో బొగ్గు వేసి రాజేస్తారు. ఆ పొగతోనే యంత్రం నడుస్తుందిట. కండక్టరు పావుగంటసేపు పిడి పట్టుకుని విసనకర్ర తిప్పితే గాని అది పలకలేదు. వెనక బల్ల మీద కూర్చున్న వాళ్ళ బట్టలు రాజాం చేరేసరికి నల్లబడతాయి, కాబట్టి ముందుగా వెళ్ళి ముందు బల్ల పట్టుకోండి. కారం డబ్బాలకి వేరే టిక్కెట్టు తియ్యమన్నాడు కండక్టరు. మనుషులకి తీశాను, కారానికి తియ్యనని కూర్చున్నాను. వాడే ఊరుకున్నాడు.

బస్సు కుదుపులకి డబ్బా మూత వదులై, నా పక్కన కూర్చున్నావిడ తుమ్మడం మొదలుపెట్టింది. నలభై అయిదేళ్ళుంటాయి. నేత చీర, ముక్కున పెద్ద అడ్డబాస. తుమ్మినప్పుడల్లా ఒళ్ళోని బుట్ట మీద చెయ్యి అడ్డం పెడుతోంది. నేను మూత బిగించి, ఏమనుకోకమ్మా అన్నాను. బుట్టలో తడిగుడ్డ కింద మల్లెపూల దండ, రెండు సోడాలు ఉన్నాయి. ఆవిడ పేరు సూరమ్మ. గెడ్డవలస మునసబుకి సొంత చెల్లెలు. ఆ వేళ తమ ఊరి రోడ్డు చూడడానికి మద్రాసు నుంచి ఇంజినీరుగారు వస్తున్నారని, దండకి మంచి పూలు చీపురుపల్లిలోనే దొరుకుతాయని తెల్లవారకుండా నడిచి వచ్చిందిట.

రోడ్ల బాగుకి సర్కారు సొమ్ము ఇస్తోందని మా కొట్లోనూ చెప్పుకునేవారు. సూరమ్మ చెప్పగా మిగతాది తెలిసింది. గెడ్డవలస దగ్గర మూడు మైళ్ళు కంకర లేని నల్లరేగడి. వానలు పడితే బస్సు రాదు, బండీ దిగదు. గెడ్డ పొంగితే ఆ వాగు దాటి మనిషి కూడా పోలేడు. నాలుగు నెలలు ఊరు దాటే దారే ఉండదు. నాలుగేళ్ళ కిందట భాద్రపదంలో ఆవిడ పెద్దకూతురికి పురుటి నొప్పులు వచ్చి, బిడ్డ అడ్డం తిరిగితే, మంచం మీద పడుకోబెట్టి రాజాం ఆసుపత్రికి మోసుకెళ్ళారు.

"మోకాల్లోతు బురద. మంచం మోసినోళ్ళు ఓ అడుగు ఏస్తే రెండో అడుగు దిగబడిపోయేది. గెడ్డ కనిపించేసరికే పోనాది నా తల్లి" అంది. కన్నీళ్ళు పెట్టుకోలేదు. రెండో కూతురు బంగారి ఇప్పుడు కడుపుతో పుట్టింటికి వచ్చింది. నెలలు లెక్కపెడితే మళ్ళీ భాద్రపదమే వస్తోంది. ఊళ్ళో మిగతా వాళ్ళకి ధాన్యం బండ్లో, పిల్లల చదువులో కావాలేమో గాని, ఆవిడకి రోడ్డు అంటే ఆ పిల్లే.

పది దాటాక బస్సు ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది. దిగి చూశాను. చూసి అలాగే నిలబడిపోయాను.

కంప అవతల ఎర్రటి రోడ్డు. గుంట లేదు, గాడి లేదు. రైతు కళ్ళం అలికినట్టు నున్నగా కనుచూపు మేర పోతోంది. దాని మీద నీళ్ళు చల్లి, ముగ్గులు పెట్టారు. ఒక ఇంటి ముందు ముగ్గు కాదు, మైళ్ళ తరబడి ముగ్గులు. ఇరుపక్కలా ఆడా మగా, ముసలీ ముతకా, తట్టలు కింద పెట్టి నిలబడ్డారు. జుట్టులోను కనుబొమల్లోను ఎర్రమన్ను. నేను జగన్నాథం వెళ్ళాను, రథం చూశాను. ఇంతమంది ఒక్క పని మీద ఒక్కలా అలిసిపోయి నవ్వడం మాత్రం ఎక్కడా చూడలేదు.

ఇదంతా ఎలా చేశారని సూరమ్మని అడిగాను. కళ్ళం ఎలా చేస్తామో అలాగే, అంది. గట్టు మీది ఎర్రమన్ను తెచ్చి గుంటలు పూడ్చారు. నీళ్ళు పోశారు. ఊళ్ళో ఎడ్లనీ గేదెల్నీ అన్నిటినీ తోలుకొచ్చి, అటూ ఇటూ తిప్పి తొక్కించారు. తరువాత మగవాళ్ళు దిమ్మిస కొట్టారు, ఆడవాళ్ళు పేడనీళ్ళతో అలికారు. దొరగారి కారు వచ్చి పోయేదాకా బస్సు కాదు కదా మేక కూడా దాని మీద అడుగు పెట్టకూడదని మునసబు ఆజ్ఞ. డ్రైవరు బీడీ ముట్టించుకుని నీడకి పోయాడు. మా వారు బస్సులోనే నిద్రపోతున్నారు.

ఎండలో నిలబడ్డాక నా కోమటి బుర్ర పని చేసింది. యుద్ధంలో రేషను సరుకు అదనంగా కావలసివచ్చి, సప్లయి అధికారిని కొట్టుకి పిలిచినప్పుడు ఖాళీ బస్తాలు దులిపి చూపించాం గాని, నిండు బస్తా ఎదురుగా పెట్టామా? రోడ్డు చెడిపోయిందని చూడడానికి వచ్చేవాడికి వీళ్ళు ఇంత బంగారంలాంటి రోడ్డు చూపిస్తున్నారే! సూరమ్మని పక్కకి పిలిచి చెప్పాను. ముందు నవ్వింది. తరువాత రోడ్డు వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసినప్పుడు ఆ మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఇద్దరం మునసబు దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన, కొత్త తలపాగా. నా మాట మర్యాదగానే విన్నాడు.

"ఇంటికి సుట్టం వస్తంటే వాకిలి ఊడ్సుకోమేటమ్మా? బురద సూపించి కూకోమంటామా?" అన్నాడు.

మా ఇంటికి ఎవరైనా వస్తే నేనూ ముందు వాకిలే ఊడుస్తాను.

అంతలోనే కారు వచ్చింది. కంప తీశారు. చిన్న నల్ల కారు, ఒక్కడే మనిషి. ముగ్గుల మీదుగా కుదుపు లేకుండా జారిపోయి, గెడ్డవలస పందిరి దగ్గర ఆగింది. మళ్ళీ కంప వేసేశారు. మేమంతా రోడ్డు దిగి పొలాలకి అడ్డం పడి పందిరి దగ్గరికి వెళ్ళాం. ఇంజినీరుగారు యాభై దాటినవారు, టోపీ చేత్తో పట్టుకుని అందరికీ నమస్కారం పెట్టారు. కొబ్బరినీళ్ళు తాగారు, దండ వేయించుకున్నారు. మనిషి మంచివాడని చూడగానే తెలుస్తోంది. అందుకే ఆయన చెప్పిన మాట ఇంకా గట్టిగా తగిలింది.

"మీ రోడ్డు ఇంత బాగుందని నాకెవరూ చెప్పలేదు. నిన్న చూసిన రోడ్డు మీద నా నడుం విరిగింది. ఇప్పుడున్న సొమ్ము ఒక్క రోడ్డుకే వస్తుంది. అది వాళ్ళకి ఇవ్వడమే న్యాయం" అన్నారు.

జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. తమని మెచ్చుకుంటున్నారనే అనుకున్నారు. మునసబు మాత్రం జోడించిన చేతులు దించేశాడు. ఆయనకి అర్థమైంది. నాకు ఏడుపు వచ్చింది, ముక్కూ మొహం తెలియని ఊరి కోసం.

సూరమ్మ అన్నగారి దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది. ఈసారి నాకు వినబడింది, బంగారి పేరు ఎత్తింది. ఆయన రోడ్డు వైపు, దాన్ని అలికిన ఆడవాళ్ళ వైపు చూశాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. బస్సు ఉన్న చోటికి వెనక్కి నడిచి వెళ్ళి, తన చేత్తో కంప లాగి పారేసి, డ్రైవరుతో బస్సుని రోడ్డు మీదికి ఎక్కించమన్నాడు.

మేమంతా బస్సు ఎక్కాం. సూరమ్మ కేకేస్తే మరో పదిమంది మగవాళ్ళు బరువు కోసం పైకప్పు ఎక్కారు. కండక్టరు విసనకర్ర తిప్పాడు. ఎర్రమన్ను మీదికి బస్సు ఎక్కుతుంటే, ముగ్గులు పెట్టిన పిల్లలు, "అయ్యో" అని మొహాలు తిప్పుకున్నారు. కొంత దూరం బాగానే పోయింది. పందిరి కనిపించే మలుపు దగ్గర కింద రేగడి తగిలినట్టుంది, పైపొర ఫెళ్ళున విరిగి ఎడమ చక్రం ఇరుసు దాకా దిగిపోయింది. బస్సు పక్కకి ఒరిగింది. నా డబ్బాలు దొర్లాయి. బస్సంతా తుమ్ములు. మా వారు అప్పుడు లేచి రాజాం వచ్చిందా అని అడిగారు.

ఇంజినీరుగారు పరుగెత్తుకు వచ్చారు. చేతికర్ర మట్టిలో గుచ్చితే సగం దిగింది. చుట్టూ చూశారు. కోపం తెచ్చుకుంటారేమో అనుకున్నాను. తెచ్చుకోలేదు.

"ఇంత పని చెయ్యగలిగినవాళ్ళు, ఇన్నేళ్ళూ మీ రోడ్డు మీరే ఎందుకు వేసుకోలేదు?" అని అడిగారు.

సూరమ్మే ముందుకి వచ్చింది.

"యేటా ఏస్తాం బాబూ. నాను కాపరానికి ఎల్లకముందు నుంచీ ఏస్తన్నాం. మన్నుతో ఏస్తాం, వానొస్తే పోతాది, మల్లీ ఏస్తాం. మాకు మన్నే ఉన్నాది. రాయి నేదు."

ఒక్క దొర కోసం చేశారనుకుని అంత ఆశ్చర్యపోయాను. వీళ్ళు ఏటా వానలో కొట్టుకుపోయేదాన్ని ఏటా వేస్తున్నారు! ఇంజినీరుగారు టోపీ పెట్టుకుని, కారు అక్కడే వదిలేసి, మునసబుని వెంటబెట్టుకుని గెడ్డ దాకా నడిచి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి రెండు దాటింది. ఆ లోపల ఊరివాళ్ళు తాళ్ళు కట్టి, భుజాలు ఆనించి, పొయ్యితో సహా బస్సుని పైకి ఎత్తేశారు. ఎత్తిన చోటే మళ్ళీ మన్ను పోస్తున్నారు. వెళ్ళేటప్పుడు ఆయన, రాస్తాను అన్నారు. అంతకు మించి మాట ఇవ్వలేదు.

రాజాంలో వారం రోజులు ఉన్నాం. మిగిలిన కారం సరిపోయింది. ఆవకాయ కుదిరింది. మా మరిది ధాన్యం వ్యాపారి, ఇంటి నిండా బస్తాలు, మేము మేడ మీద పడుకున్నాం. రోడ్డు సంగతి చెబితే నమ్మకుండా నవ్వాడు. సర్కారువారు చూసి పోతుంటారు వదినా, అన్నాడు.

తిరుగు ప్రయాణం మంగళవారం పొద్దున్న. గెడ్డ దాటాక చూస్తే ఆ ఎర్ర రోడ్డు బండి చక్రాలకి అప్పుడే గాళ్ళు పడిపోయింది. ముగ్గులు లేవు. కాని రెండు అంచులా సున్నం పూసిన కొయ్యమేకులు దిగేసి ఉన్నాయి. గొలుసులతో మనుషులు వచ్చి రెండు రోజులు కొలిచి వెళ్ళారని, సొమ్ము ఈ రోడ్డుకే రాశారని డ్రైవరు చెప్పాడు. ఒక్కొక్క మేకుకీ పసుపు పూసి బొట్టు పెట్టి ఉంది. నేను దండం పెట్టాను. మా వారు కూడా మేలుకునే ఉన్నారు, ఆయనా పెట్టారు.

గెడ్డవలసలో సూరమ్మ బస్సు ఆపింది. కూతుర్ని నా పక్కన కూర్చోబెట్టింది. చామనఛాయ, చిన్న పిల్ల, కడుపు మీద చెయ్యి వేసుకుని తల దించుకుంది. చీపురుపల్లిలో అత్తవారి తరఫు చుట్టాలింటికి పంపుతోందిట. అక్కడైతే వానల్లోనూ ఆసుపత్రికి పోవడానికి రైలు ఉంటుంది. పుట్టింట్లో పురుడు పోసుకోవాలని వచ్చిన పిల్లని, పుట్టింటి నుంచే పంపించేస్తోంది. రోడ్డు వచ్చేసిందిగా సూరమ్మా, అన్నాను.

"వానలెల్లినాక మొదలెడతారంట. రాయి పరిసేసరికి రెండేళ్ళు. దీనికి అందదమ్మా. దీని కడుపులో ఉన్నదానికి అందుతాది" అంది.

ఊడుపులు కాగానే నడిచి వచ్చేస్తానని కూతురితో చెప్పింది. బస్సు కదిలింది. గాళ్ళలో పడి లేస్తూ మనిషి నడిచేపాటి వేగమే పోతోంది. సూరమ్మ కిటికీ కమ్మీ పట్టుకుని పక్కనే నడిచింది. వేళకి తిను, బరువులు ఎత్తకు, ఆ ఇంటివాళ్ళ మాటకి ఎదురు చెప్పకు అని చెబుతూనే ఉంది. బంగారి ఆ చేతి మీద తన చెయ్యి వేసుకుని కూర్చుంది. ఆ దారి ఎప్పుడు అయిపోతుందా అని వెళ్ళేటప్పుడు విసుక్కున్నదాన్ని, వచ్చేటప్పుడు ఇంకాస్త ఉంటే బాగుండును అనుకున్నాను.

మేకులు అయిపోయిన చోట కంకర రోడ్డు మొదలవుతుంది. డ్రైవరు బస్సుని దాని మీదికి ఎక్కించి వేగం అందుకున్నాడు. సూరమ్మ కొంచెం దూరం పరుగెత్తి, కమ్మీ వదిలేసింది.