మా ఆడబిడ్డ సన్నబడిన ఏడాది

నేను పెళ్ళయి పోతిరెడ్డిపల్లికి వచ్చేసరికి మా ఆడబిడ్డ ఇంటర్ చదువుతోంది. ఆమెకు చిన్నప్పటి నుంచే షుగర్. రెండు పూటలా అన్నానికి ముందు ఇన్సులిన్ సూది తనే వేసుకునేది. మామయ్య, మా ఆయన పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు పోతే ఇంట్లో అత్తమ్మ, నేను, ఆమె మిగిలేవాళ్ళం.

ఆ ఏడాది ఆమె సన్నబడసాగింది. తిండి తగ్గలేదు, నాకంటే ఎక్కువే తినేది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. వాడకట్టులో మాత్రం అందరూ మెచ్చుకున్నారు.

"ఇప్పుడు సక్కగున్నవ్ బిడ్డా. ముందుగాల మస్తు లావుంటుంటివి" అంది పక్కింటామె. ఆ పిల్ల ముఖం విప్పారింది.

ఒకరోజు బట్టలు ఆరేద్దామని పెరట్లోకి వెళ్ళాను. ఆమె సిరంజిలోని మందును మురుగునీటి మోరీలోకి వదులుతూ కనిపించింది.

"ఏం చేస్తున్నవ్?"

"సూది ఏసుకుంటె లావైతున్న వదినా. అమ్మకు చెప్పకు."

చెప్పాను. అత్తమ్మ నమ్మలేదు.

"కడుపునిండ తింటుంది గదా. కొత్తగ వచ్చినవ్, ఇంటి పిల్ల మీద గిట్ల మాట ఎయ్యకు."

మా ఆయనకు చెబితే, అమ్మ చూసుకుంటుందన్నాడు.

కొన్నాళ్ళకే ఆ పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. ఊపిరి ఎగబోసింది. సంగారెడ్డిలో ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు ఆమెనే కోప్పడ్డాడు. లావవుతానని భయపడి మందు పారబోస్తోందని చెప్పాను. గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టమన్నాడు.

అక్కడి నుంచి హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ ఒక డాక్టరమ్మ మాత్రం ఆ పిల్లను కూర్చోబెట్టుకుని, "సూది అంటే భయమా, లావైతానని భయమా?" అని అడిగింది. ఆ పిల్ల చాలాసేపు ఏడ్చింది. అది నిర్లక్ష్యం కాదని, తిండి చుట్టూ, ఒంటి చుట్టూ అల్లుకున్న జబ్బని, మనసు డాక్టరుకు చూపించాలని డాక్టరమ్మ మాతో చెప్పింది.

మామయ్య ఒప్పుకోలేదు. "షుగర్ అంటెనే సంబంధాలు వస్తలేవు. ఇగ పిచ్చి డాక్టర్ తానకు పోతుందంటె ఎవరొస్తరు?"

ఇంటికొచ్చాక అత్తమ్మ కళ్ళముందే సూదులు సరిగ్గా పడి ఆ పిల్ల ఒళ్ళు తేరుకుంది. మళ్ళీ లావైందని ఎవరో ఆమె ముందే అన్నారు. అప్పటి నుంచి ఎవరికీ కనబడకుండా గదిలో తలుపేసుకుని సూది వేసుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు షుగర్ వల్ల ఆమె చూపు మసకబారింది. మేం వేరే ఊళ్ళో ఉంటున్నాం, ఫోన్ చేసినప్పుడల్లా సూది వేసుకున్నావా అని అడుగుతాను.

"ఏసుకున్న వదినా" అంటుంది. గొంతును బట్టి ఏమీ తెలియదు.