జాన్సన్ గారి మనిషి

శనివారం వచ్చిందంటే అమెరికాలోని కేంబ్రిడ్జ్ ఊరి లైబ్రరీలో ఆ మూల బల్ల రాజగోపాల్ గారిదే. ఇంజనీరుగా రిటైరైన ఆయన, ఊళ్లోకి గుంపులుగా వచ్చిపడుతున్న మన స్టూడెంట్ల వ్యాసాలు దిద్దిపెడతారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, కాగితాన్ని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చదువుతారు. వాక్యం నచ్చితే చూపుడువేలితో బల్ల మీద తడతారు. ఆ రోజు భవిత అరవైల నాటి అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దేశంలో చేసిన మంచి పనుల మీద వ్యాసం తెచ్చింది. ఒకసారి ఫెయిలైన కోర్సు, దీనితోనే గట్టెక్కాలి. ముసలివాళ్లకు వైద్య బీమా, నల్లవారికి పౌరహక్కులు, పేద పిల్లల చదువుకు సాయం... పేరా పేరాకీ వేలు టకటకలాడింది. మనవాళ్లకు అమెరికా తలుపులు తెరిచిన వలస చట్టం దగ్గర ఆగిపోయింది.

“ఆ మహానుభావుడు సంతకం పెట్టకపోతే, డెబ్బై ఒకటిలో నేను డెట్రాయిట్‌లో అడుగు పెట్టేవాణ్నే కాదమ్మా,” అన్నారు. చివరి పేజీ తిప్పి, “వియత్నాం యుద్ధం ఏదీ?” అని అడిగారు.

“మీకు ఆయనంటే ఇష్టం కదా అంకుల్, బాధపడతారని డిలీట్ చేశా.”

“ఈ పనులకు పోవాల్సిన డబ్బు ఆ యుద్ధమే మింగేసింది. రాయమ్మా.”

భవిత రాస్తున్నంతసేపూ ఆయన తల దించుకుని కూర్చున్నారు, సొంత అన్నయ్య తప్పు నలుగురిలో ఒప్పుకుంటున్నట్టు.