ఆకులు లేని ఇప్ప చెట్టు

2024 ఫిబ్రవరి. ఖమ్మంలో మా ఇంటి ముందుగది. మిర్చి మార్కెట్‌కు వచ్చే రోజులు కాబట్టి ఆ ఘాటుకు పొద్దున లేస్తే తుమ్ములే. ఆ తుమ్ముల మధ్యనే కూర్చుని నేనొక చెట్టుకు ఆకులు కుడుతున్నాను.

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఇరవై ఏళ్లుగా ఏనుగులు, కుందేళ్లు, మాట్లాడే గుమ్మడికాయలు నాకు అన్నం పెడుతున్నాయి. కొన్నేళ్లుగా కాగితం పక్కనపెట్టి ఫెల్ట్‌తో బొమ్మలు చేస్తున్నాను. ఫెల్ట్ నేసిన బట్ట కాదు. ఉన్నిని తడిపి, రుద్ది, నొక్కితే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని మెత్తని అట్టలా తయారవుతుంది. ఎటు కత్తిరించినా దారం ఊడిరాదు. దానితో చేసిన బొమ్మను చూసి ఊరుకునే పిల్లలుండరు, వచ్చి ముట్టుకోవాల్సిందే.

మా ఊళ్లో ఒక చిన్న సేవా సంస్థ అడవి పల్లెల ముసలివాళ్లను తీసుకొచ్చి కంటి పొర ఆపరేషన్లు చేయిస్తుంది. ఆ ఏడాది వాళ్ల చేతిలో పైసా లేదు. విరాళాల కోసం సభ పెట్టి, అందులో నా ఫెల్ట్ బొమ్మ ఒకటి వేలం వేద్దామనుకున్నారు. సంస్థ పనులన్నీ చూసే నర్సు రజిత ఇంటికొచ్చి అడిగింది.

"అక్కా, అడవిది ఏదన్న చెయ్యి. చూడంగనే కొనబుద్ది కావాలె."

ఇప్ప చెట్టు చేస్తానని నేనే అన్నాను. తలుపంత బొమ్మ. మా పనిలో రిఫరెన్స్ అంటే చూసి గీయడానికి దగ్గర పెట్టుకునే ఫొటో. నా దగ్గర ఇప్ప ఆకుల ఫొటో ఒకటి, ఇప్ప పూల ఫొటో ఒకటి ఉన్నాయి. రెండూ చూసి, రెండూ కలిపి కుట్టాను. చెట్టు నిండా పచ్చని ఆకులు, వాటి మధ్య గుత్తులు గుత్తులుగా పాలరంగు పూలు, కింద రాలిన పూలు కొన్ని. మూడు వారాలు పట్టింది. ఇప్ప చెట్టు నాకు తెలియనిదా? ఏన్కూరు మీదుగా బస్సులో వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. బస్సు కిటికీలోంచి చూసినదాన్ని చూడటం అనుకునే రకం నేను.

సభ ఇంకా నాలుగు రోజులుందనగా బొమ్మను సంస్థవాళ్ల గదికి తీసుకెళ్లాను. పేషెంట్లు ఉండే గది అది. ఖాళీ మంచం మీద బొమ్మ పరిచి రజిత ఫొటోలు తీసుకుంటోంది. పక్క మంచం మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు ముత్తమ్మ. ఏన్కూరు దాటాక అడవి అంచున వాళ్ల ఊరు. రెండు కళ్లకూ పొర ముదిరి, రెండేళ్లుగా ఆమెకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు.

ఆపరేషన్ వరసలో ఆమెదే మొదటి పేరని, సభలో డబ్బు రాకపోతే మాత్రం వానాకాలం దాకా ఆగాల్సిందేనని రజిత చెప్పింది. ముత్తమ్మ ఆగలేనంటోంది. వాళ్ల ఊళ్లో ఒక్కో ఇప్ప చెట్టు ఒక్కో ఇంటిది, రాలిన పూలు ఏరి ఎండబెట్టి అమ్ముకుంటారు. ఆమె చెట్టు అత్తగారి చేతి నుంచి వచ్చింది. వరసగా మూడేళ్లు పూత ఏరకుండా వదిలేస్తే, ఆ చెట్టు కింద ఇంకో ఇంటివాళ్లు ఏరుకోవచ్చని అక్కడి కట్టుబాటు. కొడుకూ కోడలూ పూత నెలల్లో తల్లాడ వైపు మిరప కోతల్లో ఉంటారు. ఇప్పటికి రెండు పూతలు పోయాయి. మూడోది నెల రోజుల్లో రాబోతోంది.

"ఏం చెట్టు చేసినవ్ బిడ్డా?" అంది ముత్తమ్మ.

"ఇప్ప చెట్టు అవ్వా. ముట్టుకుని చూడు," అన్నాను గొప్పగా.

ఆమె అరచేయి కాండం మీంచి మెల్లగా పైకి పోయింది. కొమ్మ దగ్గర ఆగింది. ఆకులు తడిమింది, పూలు తడిమింది, మళ్లీ ఆకుల దగ్గరికి వచ్చింది. పళ్లు లేని నోటితో ఫక్కున నవ్వింది.

"ఇదేంది? పూత మీదున్న చెట్టుకు ఇన్ని ఆకులెక్కడియి? ఆకు రాలినంకనే గద పూసేది."

నాకు ఒళ్లు మండింది. మూడు వారాలు వంగి కుట్టిన నడుం నాది. "నేను ఫొటోలు చూసి చేసిన అవ్వా," అన్నాను కొంచెం గట్టిగానే.

"ఏ నెలయి బిడ్డా?"

ఇంటికొచ్చి ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఆకుల ఫొటోలో నేల తడిగా ఉంది, వానాకాలం. పూల ఫొటోలో పూల వెనక ఉత్త ఆకాశం. కొమ్మకు ఒక్క ఆకు లేదు. ఇన్ని రోజులూ అది నా ఎదురుగానే ఉంది. కళ్లున్న నేను చూడలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మర్నాడు ఆకులన్నీ విప్పేస్తానంటే రజిత తల పట్టుకుంది. "ఎండిన చెట్టును ఎవరు కొంటరక్కా? పచ్చగుంటెనే జల్దీ అమ్ముడుపోతది. ఆమె ఆపరేషన్ దీని మీదనే ఉన్నది."

ఆ మాట అబద్ధం కాదు. నాకూ భయం వేసింది. అందుకని ముత్తమ్మనే అడిగాను.

"అవ్వా, పచ్చగ ఉంటెనే పైసలు ఎక్కువొస్తయంట. ఏం చెయ్యమంటవ్?"

ఆమె బొమ్మ మీది ఆకులు మళ్లీ ఒకసారి తడిమింది. "మా ఊరోళ్లు చూస్తే నవ్వుతరు బిడ్డా. ముత్తమ్మ పక్కన కూసోని గూడ చెప్పలేదా అంటరు," అంది.

సీమ్ రిప్పర్ తీశాను. కుట్లు విప్పే చిన్న కొక్కెం అది. రెండు రోజులు ఆ గదిలోనే ముత్తమ్మ పక్కన కూర్చుని ఆకులు విప్పుతూనే ఉన్నాను. వాటిని చెట్టు కిందంతా చల్లబోతే ముత్తమ్మ ఒప్పుకోలేదు. "ఆకులల్ల పడ్డ పువ్వు ఎట్ల దొరుకుతది? చెట్టు కింద ఊడ్చి సాపు చేస్తం మేము. ఆకు ఓ పక్కకు కుప్ప వెయ్యి." అలా నా మూడు వారాల పని ఒక మూల ఆకుల కుప్పయి కూర్చుంది.

పూల సంగతీ తేలింది. కొమ్మ మీది పువ్వుకు నాలుకలా ఒక కాడ బయటికి ఉంటుందట. పువ్వు రాలితే ఆ కాడ చెట్టుకే ఉండిపోతుంది. కింద పడ్డ పువ్వు లోపల డొల్ల, పూసలా. నేను కింద పడ్డ పూలకూ కాడలు కుట్టాను. అవి మళ్లీ చేయాలి. ఉన్నిని సబ్బు నీళ్లలో తడిపి అరచేతుల మధ్య గుండ్రంగా ఎలా తిప్పాలో ఆమెకు ఒక్కసారి చూపించాను, చేతిలో చేయి పెట్టి. తర్వాత చూపించాల్సిన పని పడలేదు.

ముత్తమ్మ ఉన్ని తుంచుతుంది, తిప్పుతుంది, వేలితో డొల్ల చేస్తుంది, అరచేతిలో ఎగరేసి చూసుకుంటుంది. "సరిపోయింది," అని తనకు తానే చెప్పుకుని పక్కన పెడుతుంది. లేకపోతే మళ్లీ తిప్పుతుంది. సాయంత్రానికి నలభై పూలు తయారు. వరసగా పేర్చి చూస్తే ఒక్కటీ పెద్దది కాదు, ఒక్కటీ చిన్నది కాదు. కొలబద్ద పెట్టుకుని కూడా నేను అలా చేయలేను. ఆ చేతులవైపు చూస్తూ కూర్చుండిపోయాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

సభలో బొమ్మ మీది గుడ్డ తీశారు. ముందు వరసలో తల్లాడ నుంచి వచ్చిన ఒక పెద్ద రైతు అననే అన్నాడు. "ఏందమ్మా, చెట్టు ఎండిపోయిందా?"

రజిత నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. పక్క కుర్చీలోంచి ముత్తమ్మే జవాబు చెప్పింది.

"ఎండిపోలే సారూ, పూసింది. దగ్గరికొచ్చి ముట్టుకో."

ఆయన మొహమాటంగా లేచి వచ్చాడు. కింద రాలిన పూల మీద చేయి వేశాడు. ఒక పువ్వు డొల్లలో వేలు దూర్చి అలాగే నిలబడ్డాడు. "చిన్నప్పుడు మా పాలేరు తెచ్చి చేతిల పోసేటోడు. అచ్చం గిట్లనే ఉండె," అన్నాడు మెల్లగా. వెనక వరసల వాళ్లూ లేచి వచ్చారు. వేలం ఎంతసేపు సాగిందో కానీ, బొమ్మ చివరికి ఆయనతోనే తల్లాడ వెళ్లింది. ఆ వారంలోనే ముత్తమ్మకు ఒక కంటికి ఆపరేషన్ అయింది.

పూలు ఏరొచ్చని డాక్టరు సరేనన్న రోజుకు పూత సగం అయిపోయింది. రజితా నేనూ ముందురోజే ఆమె ఊరికి వెళ్లి, తెల్లవారుతుండగా ఆమె వెంట చెట్టు దగ్గరికి నడిచాం. చెట్టు కనిపించకముందే తీయని మత్తు వాసన వచ్చింది. తర్వాత చప్పుడు. టప్... టప్... గాలి లేదు, పిట్ట లేదు, ఎవరూ కొమ్మ ఊపడం లేదు. పూలు వాటంతటవే రాలుతున్నాయి. పైన ఒక్క ఆకు లేదు. ముందురోజు పక్కింటివాళ్లు ఊడ్చిపెట్టిన నేల మీద పాలరంగు పూలు పరుచుకుని ఉన్నాయి. నేను కుట్టిన చెట్టు ఇదే. నాకు తెలియకుండా, ఆమె చెబితే కుట్టిన చెట్టు.

ముత్తమ్మ తలెత్తి చాలాసేపు చూసింది. తర్వాత వంగి మొదటి పువ్వు తీసి నా చేతిలో పెట్టింది. నా సంచిలో ఆమె చేసిన ఉన్ని పువ్వు ఒకటి మిగిలి ఉంది. పక్కన పెట్టి చూశాను. అదే లావు, అదే గుండ్రం. అసలుది చల్లగా, తడిగా ఉంది, అంతే తేడా.

ఆమె ఉన్ని పువ్వును కొత్త కంటి దగ్గరికి తెచ్చుకుని వింతగా చూసింది. "మంచిగుంది. ఎవరు చేసిండ్రు బిడ్డా?"

"నువ్వే చేసినవ్ అవ్వా."

ఆమె నమ్మలేదు. కళ్లు మూసుకుని దాన్ని వేళ్ల మధ్య ఒకసారి తిప్పింది.

"అవ్. నాదే," అంది. కళ్లు తెరిచి, గంప దగ్గరికి లాక్కుని, ఏరడానికి కూర్చుంది.

అప్పటినుంచి నా బల్ల మీదికి వచ్చే ప్రతి రిఫరెన్స్ ఫొటో వెనక రెండు విషయాలు రాసుకుంటున్నాను. అది ఏ నెలది, దానితో బతికేవాళ్లలో నేను ఎవరిని అడిగాను. రెండోది ఖాళీగా ఉంటే కత్తెర తీయను.