ఫ్యామిలీలో ఓట్లుండవు

ఇది ఒక మహాకావ్యం. పదవిలో ఉన్న అధ్యక్షుణ్ణి విచారించడానికి న్యాయ నిపుణుల బృందాన్ని కూడగట్టిన గాథ. ఇందులో కుట్ర ఉంది, నమ్మకద్రోహం ఉంది, రాజ్యాంగ సంక్షోభం కూడా ఉంది. చదివేవాళ్ళు గుండె చిక్కబట్టుకోవాలి.

నిజానికి అంత లేదు. అధ్యక్షుడంటే జర్మనీలోని ఎర్లాంగెన్ అనే ఊళ్ళో మా తెలుగు సంఘం ప్రెసిడెంటు. ఆయన సింహాసనాన్ని మడిచి కారు డిక్కీలో పెట్టుకోవచ్చు. కానీ కోపం మాత్రం నిజం. అది ఇంకా చల్లారలేదు కాబట్టే రాస్తున్నాను.

మా పై అంతస్తులో ఒక అక్క ఉంటుంది. వరసకు అక్క కాదు, నేను వరంగల్ నుంచి దిగిన మొదటి వారంలోనే పప్పుచారు పంపింది కాబట్టి అక్క. కోనసీమ మనిషి. వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌తో తంటాలు పడి, ప్రతి ఆదివారం సంఘం పిల్లలకు తెలుగు చెప్పేది. నాలుగేళ్ళుగా చెబుతోంది. జీతం లేదు, శాలువా లేదు, స్టేజీ మీదకు పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. నేను ఆమెకు అసిస్టెంటుని. కుర్చీలు సర్దడం, అల్లరి చేసే పిల్లల్ని మరింత రెచ్చగొట్టడం నా బాధ్యతలు.

ఆ పిల్లల్ని తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తారు. అలాంటి చోట ఒక ఏడేళ్ళ పిల్ల మొన్నటి చలికాలంలో తన మొదటి సొంత వాక్యం రాసింది: ‘మా అమ్మ ఊరికే అరుస్తుంది.’ అక్క మురిసిపోయి దాన్ని ఫ్రిజ్‌కు అంటించుకుంది. వాళ్ళమ్మకు మాత్రం చూపించలేదు.

క్లాసు జరిగే గది ఒక కమ్యూనిటీ సెంటర్‌ది. బుకింగ్ సంఘం పేరు మీద ఉండేది. ఒక గురువారం సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రెసిడెంటు ప్రకటన వెలువడింది. ఈ ఆదివారం నుంచి ఆ గదిలో డాన్స్ రిహార్సల్స్ జరుగుతాయి, తెలుగు క్లాసు ఆపేస్తున్నాం, అందరూ సహకరించగలరు. చివర ఒక దండం బొమ్మ. ఉగాదికి ఎవరో సినిమా గెస్టు వస్తున్నాడట. తెలుగు సంవత్సరాదికి తెలుగు అడ్డమొచ్చింది.

అక్క ఒక్క మాట రాసింది: ‘ఎందుకండీ?’

నిమిషంలో ఆమెను గ్రూపులోంచి తీసేశారు.

ఆ ‘అండీ’ని గమనించాలి. తిట్టిందా, బెదిరించిందా? నాలుగేళ్ళు చాకిరీ చేసిన మనిషి గౌరవవాచకం కూడా తగిలించి ఒక ప్రశ్న అడిగితే, చొక్కా మీద పడ్డ పురుగును విదిలించినట్టు విదిలించేశాడు. మేం అంతమందిమి ఆ గ్రూపులో ఉండి చూశాం. సగం మంది ఆయన మెసేజ్‌కు బొటనవేలు బొమ్మ పెట్టారు. నేను మామూలుగా మండే రకం కాదు. తడి కట్టెను, పొగే తప్ప మంట రాదు. ఆ రోజు మంటే వచ్చింది.

పైకి వెళ్తే అక్క చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. ఆ ఈనెలు ఎవరివి అనుకుని లాగుతోందో అడగలేదు.

“గిట్లెట్ల చేస్తడక్కా? అసలు ఆయన్ని ప్రెసిడెంటు చేసిందెవ్వరు?” అన్నాను.

“ఏమోరా, నేనొచ్చేసరికే ఉన్నాడు. పోన్లే, వదిలెయ్. ఆ పిల్లలకి ఇప్పుడిప్పుడే ఒత్తులొస్తున్నాయి, అదొక్కటే నా బాధ.”

అప్పుడు తట్టింది. ఆయనకు మేం ఎప్పుడూ ఓటు వేయలేదు. ఏటా ఉగాది స్టేజీ మీద ‘మన ప్రియతమ అధ్యక్షులు’ అని మైకులో వినబడేది, మేం చప్పట్లు కొట్టి పులిహోర లైనులో నిలబడేవాళ్ళం. విచారణ జరపాల్సిందేనని తీర్మానించాను.

లీగల్ టీమ్ ఆ వంటింట్లోనే ఏర్పడింది. మొదటి సభ్యుణ్ణి నేను. రైల్లో టికెట్ చెకర్‌తో వాదించిన అనుభవం నా అర్హత. ఫైన్ కట్టాననేది వేరే సంగతి. రెండో సభ్యుడు అక్క భర్త, నాకు బావగారు. ఆయన మేనమామ కాకినాడలో వకీలు. మూడోవాడు నా రూమ్మేట్, గుంటూరోడు. వాడికి లాయర్ ఖర్చులు భరించే ఇన్సూరెన్స్ ఉంది. ఇంటి ఓనరు మీద భయంతో తీసుకున్నాడు, వాడుకునే మోకా రాక కుమిలిపోతున్నాడు.

“చేద్దాంరా, కేసు పడాల్సిందే. ఊరికే కడుతున్నా ప్రీమియం,” అన్నాడు. న్యాయం పట్ల ఇంత నిష్ఠ నేనెక్కడా చూడలేదు.

కాకినాడ మామయ్య వాయిస్ మెసేజ్‌లు గంటగంటకూ వచ్చేవి. “ముందు స్టే తెచ్చుకోండ్రా అబ్బాయ్. స్టే వచ్చిందా, కేసు సగం గెలిచినట్టే. మిగతా సగం మన మనవలు చూసుకుంటారు.” ఎర్లాంగెన్ కోర్టులో తనకు తెలిసిన గుమాస్తా ఎవరూ లేరని మాత్రం నిజాయితీగా ఒప్పుకున్నాడు.

ఇన్సూరెన్స్ వాళ్ళు ఒక లాయరమ్మతో ఫోన్‌లో మాట్లాడే అవకాశం ఇచ్చారు. స్పీకర్ పెట్టి, అక్కతో సహా నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. మాలో జర్మన్ బాగా వచ్చిన బావగారు కేసు వివరించారు. ఆవిడ మా కోసం నెమ్మదిగా, ఒక్కో పదం విడదీసి మాట్లాడింది. సంఘం సభ్యుల్లో పదో వంతు మంది రాసి అడిగితే సర్వసభ్య సమావేశం పెట్టి తీరాల్సిందేనంది. మా రూమ్మేట్ నా వీపు చరిచాడు.

“మీలో సభ్యులెవరు?” అని అడిగింది.

ఫోన్ అని మర్చిపోయి నలుగురం చేతులెత్తాం. బావగారు “అందరం” అన్నారు.

“సభ్యత్వానికి ఎప్పుడు దరఖాస్తు చేశారు?”

చేతులు వాటంతటవే దిగిపోయాయి.

“గ్రూపులో ఉన్నాం. అన్ని పండగలకూ వెళ్ళాం,” అన్నారు బావగారు.

ఆవిడ మర్యాదగానే, సంఘాన్ని రిజిస్టర్ చేయడానికి ఏడుగురు సరిపోతారనీ, మీ ఊళ్ళో ఆ ఏడుగురెవరో కనుక్కోమనీ చెప్పింది.

కరెంటు కంపెనీ కవరును కూడా రంధ్రాలు పొడిచి ఫైలు చేసుకునే దేశంలో ఇన్నేళ్ళు బతికాం. ఇల్లు మారితే టెర్మిన్ అనే అపాయింట్‌మెంటు తీసుకుని మరీ నమోదు చేసుకుంటాం. మన మధ్యకు వచ్చేసరికి ఏ కాగితమూ అడగలేదు. పెళ్ళిలో పంక్తిలో కూర్చున్నవాడు చుట్టమే అయినట్టు, పులిహోర తిన్నవాడు సభ్యుడే అనుకున్నాం.

ఆదివారం నేనూ బావగారూ ఆ కమ్యూనిటీ సెంటర్‌కే వెళ్ళాం. అక్క రానంది. రిహార్సల్ జరుగుతోంది. అక్క రాసిపెట్టిన అక్షరాల చార్టున్న స్టాండును గోడకు తిప్పి పెట్టి, దాని మీద ఎవరివో జాకెట్లు తగిలించారు. ప్రెసిడెంటు మమ్మల్ని చూసి ముఖమంతా నవ్వు పులుముకున్నాడు.

“రా తమ్ముడూ, రండి సార్. చాయ్ తాగుతారా?”

“అన్నా, మేం సంఘంల మెంబర్లమా కాదా?”

“అదేం మాట? మీరంతా నా ఫ్యామిలీ.”

“మెంబర్లు ఎవరండీ మరి?” అన్నారు బావగారు.

“ఉన్నారు సార్ ఏడుగురు. నేను, మా మిసెస్, మా బామ్మర్ది, ఇంట్లో వాళ్ళు. ఏదో రిజిస్ట్రేషన్ పేపర్ల కోసం. ఫార్మాలిటీ.”

“అయితే మేం కూడా చేరుతం. చేరి ఓటేస్తం.”

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. “ఫ్యామిలీలో ఓట్లేంటి తమ్ముడూ? సరే, ఇంట్రెస్ట్ ఉంటే అప్లై చెయ్. కమిటీ డిసైడ్ చేస్తది.”

కమిటీ ఆ మూలన స్పీకర్ వైర్లు విప్పుకుంటోంది. బావమరిది మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు.

“క్లాసు సంగతి?” అన్నారు బావగారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, అప్పుడూ పెంచలేదు. “ఆవిడ ‘ఎందుకండీ’ అనడిగింది. దానికి జవాబు చెప్పండి చాలు.”

“పబ్లిక్‌గా క్వశ్చన్ చేస్తే బాగుండదు కద సార్. పర్సనల్‌గా ఫోన్ చేయాల్సింది.”

అంతే. విచారణ ముగిసింది. ఏ చట్టమూ ఆయన్ని ఏమీ చేయలేదు, ఎందుకంటే చట్టప్రకారం ఆ సంఘంలో మేమెవ్వరమూ లేము. నేనూ బావగారూ కలిసి చేయగలిగిందల్లా జాకెట్లు తీసి కింద పెట్టి, చార్టును చుట్టి చంకన పెట్టుకుని బయటికి రావడం. ఎవరూ ఆపలేదు. బహుశా అదీ ఫ్యామిలీ ఆస్తే అనుకున్నారేమో.

ఉగాదికి సినిమా గెస్టు రాలేదు, వీడియోలో శుభాకాంక్షలు పంపాడు. ప్రెసిడెంటు ఇంకా ప్రెసిడెంటే. మేం పెట్టిన దరఖాస్తులకు కమిటీ ఇంతవరకూ ఉలకలేదు, పలకలేదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నేను పళ్ళు నూరుకుంటున్న చప్పుడు నాకే వినిపిస్తుంది.

అక్క మాత్రం తన కొడుకు వెళ్ళే కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, అడిగింది. అక్కడి పెద్దావిడ వారాంతాల్లో ఒక గది వాడుకోమంది. కుర్చీలు మూడేళ్ళ పిల్లలవి, నా మోకాళ్ళు చెవులకు తగులుతాయి. పాత పిల్లలు చాలామంది తిరిగొచ్చారు. ప్రెసిడెంటు కూతురు కూడా వస్తుంది. వాళ్ళ నాన్న ఆమెను దించేసి, కారు దిగకుండానే వెళ్ళిపోతాడు.

“ఆ పిల్లనెందుకు రానిస్తున్నవక్కా?” అన్నాను, నాకింకా మంటగానే ఉంది.

“అందరికన్నా అదే ఒత్తులు బాగా రాస్తుందిరా. నోర్మూసుకుని కుర్చీలు సర్దు,” అంది.

క్లాసు ఇప్పుడు శనివారం పదింటికి. సైకిళ్ళు గేటు లోపల పెట్టనివ్వరు, బయట స్టాండులో పెట్టి తాళం వేసుకోవాలి.