అంచు లోపలి పసుపు

సెకండ్‌హ్యాండ్ బట్టలంటే మా పుట్టింట్లో అసలు పడదు. ఏ చచ్చినవాళ్ళవో ఏమో అని మా అమ్మ ముట్టుకోనిచ్చేది కాదు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, సిడ్నీ వచ్చి ఆర్నెల్లు తిరక్కుండానే ఏ ఆప్ షాప్‌లో ఏ రోజు కొత్త మూటలు విప్పుతారో చెప్పగలిగేదాన్నయ్యాను. జనం వద్దనుకుని దానంగా ఇచ్చేసిన బట్టలు, గిన్నెలు, కుర్చీలు అమ్మే కొట్లవి. అప్పట్లో మా ఆయన యూనివర్సిటీలో చదువుతున్నాడు. నేను వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళ పక్కలు మార్చే పని చేస్తున్నాను. క్వేకర్స్ హిల్‌లో ఒకరింటి వెనక గదిలో అద్దెకుండేవాళ్ళం. పాపతో కలిపి మా ముగ్గురి ఒంటిమీద బట్టలన్నీ ఆ కొట్లవే.

సిగ్గుపడలేదని అబద్ధం చెప్పను. హారిస్ పార్క్‌లో మనవాళ్ళ కొట్టులో కందిపప్పు కొన్న కవరు మడిచి బ్యాగులో పెట్టుకెళ్ళి, కొన్నవన్నీ అందులో కుక్కి తెచ్చుకునేదాన్ని. దారిలో మనవాళ్ళెవరైనా ఎదురైతే పప్పూ బియ్యం అనుకోవాలని. ఇంటికొచ్చి రెండుసార్లు ఉతికి, ఆరాక, అంచు లోపల ఇంత పసుపు పెట్టేదాన్ని. కొత్త బట్టలకి మనం పెట్టుకునేదే. ఆరేళ్ళ మా అమ్మాయికి ఆ పసుపే రుజువు. పసుపుంటే కొత్తది, అంతే. నేను దానికి చెప్పింది కూడా అదే. ఈ దేశంలో ఒకరు విడిచినవి కట్టుకుని పెరిగానని నా కూతురికి తెలియకూడదు. ఆ రోజుల్లో నాకు వేరే పంతమేమీ లేదు.

ఒక మంగళవారం పొడుగు గౌన్ల మధ్య వేలాడుతూ పట్టులంగా కనిపించింది. వంకాయరంగు, ఆకుపచ్చ అంచు. జాకెట్టు కూడా దానికే పిన్నుతో గుచ్చి ఉంది. హ్యాంగరుతో సహా లాగి చంకన పెట్టుకున్నాను. ఇంటికి తెచ్చి అంచు తిరగేస్తే లోపల అప్పటికే పసుపు మరక ఉంది, కాస్త వెలిసి. మనవాళ్ళదే, శుభ్రమైనదే అని సంతోషపడ్డాను చూడండి, అంత తెలివితక్కువదాన్ని. సిడ్నీలో పట్టులంగాకి పసుపు పెట్టే ఇళ్ళు ఎన్నుంటాయి, వాళ్ళంతా దసరాకి ఎక్కడ చేరతారు అన్నది బుర్రకి తట్టలేదు. పాత మరక పక్కనే నా చేత్తో కొత్త పసుపు పెట్టాను. అమ్మమ్మ పంపించిందని పాపకి చెప్పాను.

ఆ దసరాకి ఒక డాక్టరుగారి భార్య బొమ్మల కొలువు పేరంటానికి పిలిచింది. పాతికేళ్ళుగా ఇక్కడే ఉన్న మనిషి, అందరూ ఆంటీ అనేవారు. మా అమ్మాయి ఆ లంగా వేసుకుని గిరగిరా తిరుగుతుంటే ఆంటీ దగ్గరికి పిలిచింది.

"భలే ఉందే లంగా. ఎక్కడిదమ్మా?"

"అమ్మమ్మ సెంట్ ఇట్. ఇట్స్ న్యూ," అంది మా పిల్ల. అని ఊరుకుందా, చూడమని తనే అంచు తిరగేసి పసుపు చూపించింది.

ఆంటీ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "ఇది మా చిన్నదాని లంగా కదూ. ఇదిగో, మా అత్తగారు పెట్టిన పసుపు. పక్కన ఈ కొత్తది ఎవరు పెట్టారు?" అని నా వైపు తిరిగింది. "అయ్యో, ఆప్ షాప్ దాకా ఎందుకమ్మా. అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదా. గరాజ్‌లో ఇంకా నాలుగు బ్యాగులున్నాయి."

సోఫాలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకావిడ, నన్ను కాపాడుదామని కాబోలు, "ఇప్పుడంతా రీయూజేనండీ, ఎన్విరాన్‌మెంట్‌కి మంచిది," అంది. తల కొట్టేసినట్టయింది. శనగలు, తాంబూలం పుచ్చుకుని, నవ్వుతూనే బయటపడ్డాను. ఆంటీ చెడ్డది కాదు. అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని మర్చిపోయేదాన్ని.

 కారులో పిల్ల, అమ్మమ్మ కూడా ఆప్ షాప్‌లోనే కొన్నదా అని ఇంగ్లీషులో అడిగింది. నా అబద్ధాన్ని అది నమ్ముతూనే ఉంది. లేదు, నేనే కొన్నానన్నాను. అది అంచు తిరగేసి బొటనవేలితో ఆ పసుపు రుద్దుతూ కూర్చుంది. ఇంటికెళ్ళగానే లంగా విప్పి, మడతపెట్టి, కవర్లో పెట్టి, ఆంటీకి ఇచ్చేసి రమ్మంది.

అలా ఇచ్చే ధైర్యం నాకు లేకపోయింది. మరుసటి వారం ఆ నాలుగు బ్యాగులూ మా గుమ్మం ముందుకొచ్చాయి. థాంక్యూ ఆంటీ అని మెసేజ్ పెట్టి, మూతి ముడి విప్పకుండా తీసుకెళ్ళి ఆప్ షాప్‌లో పడేసి వచ్చాను. ఆ తర్వాత ఏ ఆప్ షాప్ గడపా తొక్కలేదు.

ఇప్పుడు మాకు సొంత ఇల్లుంది. మా అమ్మాయి యూనికి వెళ్తోంది. తను ఫ్రెండ్స్‌తో కలిసి ఆప్ షాపులు తిరిగి, ఎవరో విడిచిన చొక్కాలు కొనుక్కొచ్చి గొప్పగా ఫొటోలు పెడుతుంది. వాటితో దానికి పేచీ లేదు. అవి తను ఎంచుకున్నవి, అబద్ధం చెప్పి తొడిగినవి కావు. నేను కొన్నవాటితోనే పేచీ.

మొన్న దాని పుట్టినరోజుకి హారిస్ పార్క్ వెళ్ళి, గంటన్నర బేరమాడి పట్టుచీర కొన్నాను. పొద్దున్నే స్నానం చేసి, అలవాటుగా కొంగు మూలకి పసుపు పెట్టి చేతికిచ్చాను. అది చీర రంగు చూడలేదు, జరీ చూడలేదు. మూలలు ఒక్కొక్కటే తిరగేసింది. పసుపు దగ్గర ఆగింది. కోపం లేదు దాని ముఖంలో. నాతో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడే పిల్ల, మెల్లగా తెలుగులో అడిగింది.

"ఎవరిదమ్మా ఇది?"

నేను లేచి వెళ్ళి బిల్లు తెచ్చి చూపించాను.