రాజామణి మామ కాన్ఫరెన్సు చరిత్ర

తిరుత్తణిలో స్టీలు పాత్రల అంగడి నడిపే రాజామణికి ఒకటే పిచ్చి. ఒక కంప్యూటర్ కంపెనీ ఏటా ప్రోగ్రామర్ల కోసం జరిపే కాన్ఫరెన్సు చరిత్ర ఆయనకు కంఠోపాఠం. ప్రోగ్రాం అంటే ఏమిటో మాత్రం తెలియదు. ఆ చరిత్రలోనూ ఆయన నోటికి వచ్చేవి, వేదిక మీద పరువు పోయిన ఘట్టాలే.

"ఈ ఇడ్లీ పాత్రలో ఆవిరి బాగా పడతాదా అన్నా?" అని అంగడికొచ్చిన తంగమ్మ అడిగితే, "పడతాదక్కా. రెండో ఏడు కాన్ఫరెన్సులో ఆ కంపెనీ పెద్దాయన వెయ్యిమంది ముందర కొత్త ఫోను తీసినాడు. అది వెలగనే లేదు!" అన్నాడు.

తంగమ్మ బిత్తరపోయింది. "నేను పాత్ర కదన్నా అడిగింది?"

తిరువళ్లూరులో అక్క కూతురు భార్గవి నిశ్చితార్థానికి వచ్చినా అంతే. "ఆరో ఏడు మాట్లాడే యంత్రాన్ని వాన పడతాదా అని అడిగితే, అది ఎవరికో ఫోను కలిపె!" అని మొదలుపెట్టాడు. పెండ్లికొడుకు తండ్రి తాంబూలం పళ్లెం పట్టుకుని నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. భార్గవికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైగా తనే ప్రోగ్రామరు.

అందుకే ఈ ఏడు చెన్నైలో జరిగే ఆ కాన్ఫరెన్సులోనే మాట్లాడమని పిలుపు వచ్చినప్పుడు, "మామకు మాత్రం చెప్పొద్దమ్మా" అని తల్లి దగ్గర ఒట్టు వేయించుకుంది.

ఆ రోజు హాలు నిండా ఎనిమిది వందల మంది. భార్గవి తన ప్రోగ్రాం చూపించబోయి మీట నొక్కింది. వెనకున్న పెద్ద తెర ఠపీమని ఆరిపోయింది. ఆమె మీటను మళ్లీ మళ్లీ నొక్కింది.

"భయపడొద్దు పాపా! తొమ్మిదో ఏడు మూడుసార్లు ఆరిపోయె!"

భార్గవి గొంతు వచ్చినవైపు చూసింది. చివరి వరసలో తెల్ల పంచె కట్టుకుని మామ నిలబడి ఉన్నాడు! ఆయన అదే మాట తమిళంలోనూ గట్టిగా చెప్పాడు. అంతలో ముందు వరసలోని నెరిసిన జుట్టు కంపెనీ అధికారి ఎగిరి లేచాడు. "నిజమే! ఆ తొమ్మిదో ఏడు వేదిక మీద ఉన్నది నేనే!"

హాలు పగలబడి నవ్వింది. భార్గవీ నవ్వింది. ఈలోగా తెర వెలిగింది. మిగతాదంతా ఆమె తడబడకుండా చెప్పేసింది.

బయటికి రాగానే మామను పట్టుకుంది. "లోపలికి ఎట్లొచ్చినావు మామా?"

"కాన్ఫరెన్సు ప్రకటనలో నీ ఫోటో చూసి, పేరు రాసిచ్చినా పాపా. ఏ రంగమని అడిగినారు. స్టీలు అన్నా."

"ఈ తప్పులన్నీ ఎందుకు మామా పోగేసినావు?"

రాజామణి పంచె అంచు సవరించుకున్నాడు. "మొదటి ఉద్యోగంలో నీ ప్రోగ్రాం చెడిపోయిందని వారం దినాలు తలుపు తియ్యలేదు కదా నువ్వు. అంత పెద్దోళ్లకీ ఇట్లయితాదని నీకు చెప్పాలనుకున్నా. నాకు ఇంగ్లీషు రాదాయె. కాన్ఫరెన్సు వీడియో కింద తమిళంలో వచ్చేదాన్ని ఆపి ఆపి చదివినా."

భార్గవి నిర్ఘాంతపోయింది. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"యాడ చెప్పేది? నేను మొదటి ఏటి వీడియోలు ముగించేలోపల నువ్వు వేరే ఉద్యోగంలో చేరిపోతివి. కష్టపడి చదివింది పారేసేదానికి మనసు రాలా. అందుకే అంగడికొచ్చినోళ్లకు చెప్తా ఉండా!"